బావమరిది పక్కన నా చోటు

ఆదివారం మధ్యాహ్నం నా బావమరిది విడపనకల్లులో పురుగుమందుల అంగడి మూసేసేవాడు. నేను అనంతపురంలో అన్నం తిని కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇద్దరం జంటగా తుపాకుల ఆట ఆడేవాళ్ళం. నా పెండ్లయినప్పటి నుంచీ మా ఇద్దరి చుట్టరికం అదే.

ఈ ఎండాకాలం ఆట అప్‌డేట్ అయింది. సెక్యూర్ బూట్ ఆన్ చేస్తేనే ఆడనిస్తామని చెప్పి మూసుకుపోయింది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే దొంగ ప్రోగ్రాములు దూరకుండా ఆపే సెట్టింగు అది. మోసం చేసి గెలిచేవాళ్ళను అట్లా పట్టుకుంటారంట. బావమరిది కంప్యూటర్ కొత్తది, దానికేమీ కాలేదు. నాది పాతది.

"నీది బాగయ్యేదాకా అక్కను ఆడనీ బావా," అన్నాడు.

నా భార్యకు ట్యూషన్లు చెప్పే లాప్‌టాప్ ఉంది. అందులో ఆట టక్కున తెరుచుకుంది.

మొదటి వారం నేనూ నవ్వినాను. తర్వాత నవ్వు రాలేదు. "రేయ్, ఎడంపక్క ఉండాడు చూడు!" అని ఆమె అరిస్తే వాడు పగలబడి నవ్వేవాడు. నాతో ఎన్నడూ అంత నవ్వలేదు.

వాడు సాయం చేస్తానన్నా వద్దన్నాను. సొంతంగా సెట్టింగుల్లోకి పోయి, కంప్యూటర్ మొదలయ్యే పాత పద్ధతి ఆపి, సెక్యూర్ బూట్ ఆన్ చేసినాను. విండోస్ రాలేదు. ఎన్నిసార్లు ఆన్ చేసినా మళ్ళీ ఆ సెట్టింగుల తెరే.

నా భార్య వచ్చి చూసింది. "నీ డిస్కు ఇంకా పాత పద్ధతిలోనే ఉండాదంట. ముందు దాన్ని మార్చల్ల. తమ్ముడు చెప్పినాడు."

"నా డిస్కు గురించి కూడా మాట్లాడుకుంటాండారా మీరు?"

"ఏమప్పా, కుళ్ళా?"

"అవును."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఇన్నేండ్లు ఇదే ఇంట్లో ఉండాను. ఒక్కసారైనా ఆడతావా అని అడిగితివా?"

సెట్టింగులు వెనక్కి మార్చి, ఫొటోలన్నీ వేరేచోట దాచుకుని, డిస్కును కొత్త పద్ధతికి మార్చినాను. ఆ తర్వాత సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే విండోస్ వచ్చింది, ఆటా తెరుచుకుంది.

ముగ్గురం ఆడినాం. అందరికంటే ముందు చచ్చింది నేనే. మిగిలిన ఆటంతా ఆమె ఆడుతుంటే చూస్తా కూర్చున్నాను. వాళ్ళిద్దరే గెలిపించినారు.

"పై వారం జంటల పోటీ ఉండాది బావా. అక్కా నేనూ పేర్లిచ్చినాం. ఏమనుకోవద్దు," అన్నాడు వాడు.

"ఏమనుకుంటానప్పా, ఆడండి."

పోటీ రోజు ఇంట్లో ఉండలేక బండి తీసుకుని బత్తలపల్లె దాకా పోయినాను. టీ తాగుతుంటే ఆమె ఫోన్ చేసింది. మొదటి ఆటలోనే ఓడిపోయినారంట. గొంతు బాగా దిగులుగా ఉంది.

"అయ్యో," అన్నాను. నా మొహంలో నవ్వు మాత్రం ఆగలేదు. అది గొంతులో తెలిసిపోతుందని, వస్తాండానని చెప్పి ఫోన్ పెట్టేసి, ఇంకో టీ చెప్పినాను.