మంగళవారం నాటి నాలుగు అడుగులు

మా ఊళ్లో ఎవరైనా పోతే ఒక కార్డు అచ్చువేస్తారు. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. ఒక పక్క ఫొటో, రెండో పక్క నాలుగు మాటలు. పూజ అయ్యాక చర్చి గుమ్మం దగ్గర పంచుతారు. జనం దాన్ని పర్సులో పెట్టుకుని, కాఫీకీ హామ్ పెట్టిన బన్నులకీ వెళ్లిపోతారు. మొన్న ఫిబ్రవరిలో గొడలీవ కార్డు మీద ఇలా వేశారు: "ముప్పై నాలుగేళ్లు ఊరి పిల్లలందరినీ తన పిల్లల్లా చూసుకుంది." అందులో తప్పేమీ లేదు. కార్డు చిన్నది, అంతే. దాంట్లో పట్టనిది నేను రాస్తున్నాను.

నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. మా న్యూపోర్ట్ రేవులో ఈ అషీల్ ఎవరని అడిగితే, "ఆ కోతలరాయుడా" అంటారు. సిస్టర్ లుట్‌గార్డ్ తలగుడ్డను ఒక సముద్రకాకి ఎత్తుకుపోయి గూడు కట్టుకుందనీ, అందులో పుట్టిన పిల్లలు చర్చి గంట మోగితే తప్ప మేతకు నోరు తెరిచేవి కావనీ అరవై ఏళ్లుగా చెబుతున్నాను. అది అబద్ధం. ఇప్పుడు రాస్తున్నది కాదు.

ఆ సిస్టర్ లుట్‌గార్డే నాకు కాన్వెంటులో అక్షరాలు నేర్పింది. ఎడమ చేత్తో రాసినందుకు కొయ్య స్కేలుతో వేళ్ల మీద కొట్టింది కూడా. తర్వాత కన్యస్త్రీలు తగ్గిపోయారు, బడి మూతపడింది. కింది గదుల్లో చంటిపిల్లల క్రెష్ పెట్టారు. దాన్ని కొన్నాళ్లు సిస్టరే నడిపింది. గొడలీవ ఇరవై ఆరేళ్ల వయసులో ఆమె దగ్గర పనికి చేరింది. పిల్లలూ పెద్దలూ అందరూ గొడలీవను లీవత్త అనేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు. భారీ మనిషి. మోకాళ్ల నొప్పులున్నా రోజంతా నేల మీదే కూర్చునేది. నేను తీరం వెంట ట్రామ్ నడిపి, రిటైరయ్యాక అక్కడ కారే కుళాయిలూ ఊడే తలుపులూ బాగుచేసేవాణ్ని. కూలి ఒక కప్పు కాఫీ.

చేపల వేలం దగ్గర పనిచేసే ఆడవాళ్ల కోసం లీవత్త పొద్దున ఆరున్నరకే తలుపు తీసేది. తల్లి బిడ్డ కోటు గుండీలు విప్పే తీరు చూసి, రాత్రి ఆ ఇంట్లో గొడవైందో లేదో చెప్పగలిగేది. చెప్పేది కాదు. ఆ తల్లికి మాత్రం ఒక నిమిషం ఎక్కువ ఇచ్చేది. గుమ్మం దగ్గర మాట్లాడనిదంతా చిన్న నోటుపుస్తకంలో ఉండేది. ప్రతి బిడ్డ సంచిలోనూ అలాంటిదొకటి రోజూ ఇంటికీ క్రెష్‌కీ తిరిగేది. బిడ్డ ఏం తిన్నాడో, ఎంతసేపు పడుకున్నాడో ఆమె రాసేది. రాత్రి ఎలా గడిచిందో తల్లిదండ్రులు రాసేవాళ్లు.

సిస్టర్ వదిలివెళ్లిన నియమం ఒకటుండేది. మొదటిది ఇంటిది. మొదటి అడుగు, మొదటి మాట క్రెష్‌లో చూసినా చూడనట్టే ఉండాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రొయ్యలు ఒలిచి వచ్చిన తల్లికి "నీ బిడ్డ ఇవాళ నడిచింది" అని పరాయి మనిషి చెప్పడం పాపమని సిస్టర్ అనేది. అందుకని లీవత్త పుస్తకంలో "ఇవాళ కాళ్లలో తెగ తొందరగా ఉంది" అని మాత్రం రాసేది. ఇంట్లో వాళ్లు కనిపెట్టుకుని ఉండేవాళ్లు. రెండ్రోజుల్లో "నడిచింది!" అని పెద్ద అక్షరాలతో పుస్తకం తిరిగొచ్చేది. "అలాగా, మాకింకా చూపించనే లేదు, అభినందనలు" అని ఆమె కింద రాసి, రంగు కాగితంతో చిన్న బూటు కత్తిరించి, పేరూ తేదీ వేసి గోడకు అంటించేది. ఆ గోడ నిండా బూట్లే. ఒక్కో బూటూ ఒక్కో అబద్ధం. నా జన్మలో చెప్పినవన్నీ కలిపినా ఆ గోడకు చాలవు. కానీ ఎవరికీ నష్టం జరగలేదు, డ్రీస్ వచ్చేదాకా.

డ్రీస్ చేపల పడవలో పనిచేసేవాడు. ఆదివారం వెళ్తే శుక్రవారం పొద్దున్నే తిరిగి రావడం. భార్య కత్రైన్ వేలం కార్యాలయంలో గుమస్తా. కూతురు ఫీన్‌కి అప్పుడు పదమూడు నెలలు. ఒక శుక్రవారం బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చి, గుమ్మంలోనే ఆగాడు. నేను స్టూలెక్కి కోట్లు తగిలించే కొక్కెం బిగిస్తున్నాను.

"అత్తా, ఒక్క మాట. పన్నొచ్చినప్పుడు నేను లేను. పాకినప్పుడూ లేను. పాపా అని మొదటిసారి పిలిచింది పక్కింటి కుక్కని."

"ఆ కుక్క రోజూ కళ్లెదురుగా ఉంటుంది మరి. దాని హక్కు దానిది."

"నవ్వకత్తా. నడక మాత్రం నాక్కావాలి. ఇక్కడ లేచి నిలబడితే కాలు పట్టి కూర్చోబెట్టెయ్."

"కూర్చోబెడతాలే నాయనా. ఏదో ఒక శుక్రవారం నీ చేతుల్లోకే నడిచొస్తుంది."

"మాటేనా?"

"మాటే."

"మామా, నువ్వే సాక్షి," అన్నాడు తలెత్తి నావైపు చూసి.

"నా సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదురా అబ్బాయ్," అన్నాను.

తర్వాత వచ్చిన మంగళవారం పదీ పది నిమిషాలకు నేను కిటికీ కింద హీటరు విప్పుకుని కూర్చున్నాను. నా పనిముట్ల పెట్టెకు ఎర్ర పిడి ఉండేది. ఫీన్ బల్ల పట్టుకుని నిలబడి కాసేపు ఆ పిడినే చూసింది. బల్ల వదిలేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పిడి మీద రెండు చేతులూ వేసి నన్ను చూసి నవ్వింది.

లీవత్త మోకాళ్ల మీదే వచ్చి దాన్ని ఎత్తుకుని చాప మీద కూర్చోబెట్టింది.

"ఏమయ్యా అషీల్, ఏమన్నా చూశావా?"

"హీటరు తప్ప ఏమీ చూడలేదు."

"బుద్ధిమంతుడివి."

ఆ రోజు పుస్తకంలో "క్యారెట్ ముద్ద మొత్తం తింది, గంటన్నర పడుకుంది" అని రాసింది. కాళ్లలో తొందర అనే మాట కూడా రాయలేదు. రాస్తే కత్రైన్ ఇంట్లో నడిపించి చూస్తుందని భయం. శుక్రవారం దాకా అది డ్రీస్‌ది. బుధవారం, గురువారం ఆ పిల్లను నేల మీద దింపనే లేదు. నడుం మీదే మోసింది. పిల్ల కాళ్లు తన్నుకుని ఏడ్చింది.

"రెండ్రోజులమ్మా, రెండే రోజులు," అని బుజ్జగించింది.

శుక్రవారం ఆరున్నరకు ఫీన్ రాలేదు. ఏడింటికి వేలం దగ్గర ఊడ్చే ఒకామె వచ్చి చెప్పింది. గురువారం తెల్లవారుజామున వల లాగుతుంటే అల కొట్టింది. డ్రీస్ కనిపించలేదు. రోజంతా వెతికారు. పడవ ఒక మనిషి తక్కువగా రేవుకొచ్చింది.

లీవత్త పిల్లల కుర్చీలో కూర్చుంది. అది ఆమె కింద కనిపించనంత చిన్నది. తొమ్మిదిదాకా లేవలేదు.

సోమవారం కత్రైన్ బిడ్డను తీసుకొచ్చింది. "పంచాయతీ ఆఫీసులో కాగితాలకు తిరగాలి అత్తా. ఇంట్లో గోడలు మీద పడుతున్నాయి," అంది. బిడ్డ కోటు గుండీలు తప్పుగా పెట్టి ఉన్నాయి. లీవత్త వాటిని సరిచేసింది.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక లీవత్త పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. కత్రైన్ అక్షరాలు: "శనివారం ఫీన్ నడిచింది. ఆరడుగులు. నడవాలో ఉన్న డ్రీస్ బూట్ల దాకా. మొదటిసారి. డ్రీస్ పోయాక, రెండు రోజులు ఆలస్యంగా. ఆ అడుగులు వాళ్ల నాన్నే పంపాడని మా అమ్మ అంటోంది. ఆ మాట పట్టుకునే నేను రెండు రాత్రులు పడుకున్నాను. దయచేసి బూటు అంటించండి."

"అబద్ధాల్లో ఆరితేరినవాడివి గదా. చెప్పు, కింద ఏం రాయను?"

"ఎప్పుడూ రాసేదే రాయి. మాకింకా చూపించలేదని."

"చెయ్యి ఆడట్లేదయ్యా."

"అయితే నిజం రాయి."

"రాస్తే కత్రైన్‌కి మిగిలిన ఆ ఒక్కటీ లాక్కున్నట్టే."

"అయితే ఏమీ రాయకు."

"ఇరవై అయిదేళ్లుగా నేను చేసింది అదేగా," అంది.

పసుపు కాగితంతో బూటు కత్తిరించింది. ఫీన్ అని పేరు వేసింది. పెన్సిలు తేదీ దగ్గర ఆగిపోయింది. అలాగే గోడకు అంటించింది.

సాయంత్రం కత్రైన్ వచ్చి ముందు గోడే చూసింది.

"తేదీ వెయ్యలేదే అత్తా? శనివారం అని రాశాను గదా."

పెన్సిలు లీవత్త జేబులోనే ఉంది. తీసి వేసేస్తే అయిపోయేది. వేస్తుందనే నేను అనుకున్నాను. వెయ్యాలనే కోరుకున్నాను.

"కూర్చో కత్రైన్."

"నిలబడే ఉంటాను."

"శనివారం కాదమ్మా. మంగళవారం. పదీ పదికి, ఇక్కడే, ఆ కిటికీ దగ్గర."

కత్రైన్ ముఖంలో ఏమీ మారలేదు. నావైపు తిరిగింది. "మామా, ఇది నీ కథల్లో ఒకటా?"

"కాదు," అన్నాను. ఆ గదిలో నా మాటను మొదటిసారి ఒకరు నమ్మారు.

"మంగళవారం సాయంత్రం ఫోన్ చేశాడు," అంది కత్రైన్. "ఇంజను పాడై ఇంగ్లండు రేవులో ఆగారట. నడిచిందా అని అడిగాడు. లేదన్నాను. హమ్మయ్య, నాకోసం ఆగింది అన్నాడు. తర్వాత సిగ్నల్ లేదు. అదే ఆఖరు."

"వాడికి మాటిచ్చాను. శుక్రవారం వస్తాడు గదా అని..."

"మాట వాడికిచ్చావు. నాకు ఎందుకు చెప్పలేదు? నేను చెప్పేదాన్ని. ఆ సాయంత్రమే ఫోన్‌లో చెప్పేదాన్ని అత్తా."

లీవత్త నియమం గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. సిస్టర్ పేరు ఎత్తలేదు.

"పుస్తకంలో రాయి. ఏం చూశావో అంతా రాయి," అంది కత్రైన్.

లీవత్త పిల్లల బల్ల దగ్గర వంగి రాసింది. బల్ల వదిలేసిన సంగతి, ఎర్ర పిడి, నాలుగు అడుగులు, నవ్వు. బుధవారం, గురువారం కింద దింపకుండా మోసిన సంగతి కూడా రాసింది. అది రాయక్కర్లేదు, ఎవరూ అడగలేదు. అర పేజీ అయింది. కత్రైన్ నిలబడే చదివింది.

"ఏడ్చిందా?"

"ఏడ్చింది."

పుస్తకం సంచిలో పెట్టుకుంది. కొక్కేనికి ఉన్న మార్పిడి బట్టలు, చెప్పులు, కుందేలు బొమ్మ అన్నీ తీసుకుంది. ఫీన్ తలుపు దాకా తనే నడవాలని కిందికి జారింది. కత్రైన్ దాన్ని ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. వెర్నెలో ఉండే తల్లి దగ్గరికి మారిపోయిందని తర్వాత తెలిసింది.

లీవత్త ఇంకో తొమ్మిదేళ్లు పనిచేసింది. నియమం ఆ సోమవారంతో పోయింది. ఏ బిడ్డ ఏం చేసినా అదే రోజు, గంటతో సహా రాసేది. ఫోన్ కూడా చేసేది. కొందరు అలిగారు. వంటవాడి భార్య ఒకామె గుమ్మంలో నిలబడి, "ఆ ఒక్కటన్నా నాకు వదిలెయ్యొచ్చు గదా, మహా నీ సొమ్మేం పోయింది?" అని దులిపేసింది. లీవత్త తల వంచుకుని ఆ బిడ్డ టోపీ సరిచేసింది. ఆ తర్వాత కాగితపు బూట్లు కత్తిరించలేదు. గోడకు రంగు వేసినప్పుడు పాతవన్నీ ఎవరివి వాళ్ల ఇళ్లకు పంపేశాం.

పోయాక ఆమె గది ఖాళీ చేయడానికి నన్నే పిలిచారు. మంచం పక్క సొరుగులో మాత్రలూ జపమాలా ఉన్నాయి. వాటి కింద పసుపు బూటు. పేరుంది. తేదీ లేదు.

దాన్ని ఆమె కార్డుతో పాటు ప్రార్థన పుస్తకంలో పెట్టాను. పెన్సిలు రెండుసార్లు తీశాను. ఆ తేదీ వేయడం నా పని కాదు. ఫీన్‌కి ఇప్పుడు పద్దెనిమిది నిండి ఉంటాయి. అడ్రసు కనుక్కున్నాను, ఆ బూటు పంపడానికి కవరు మీద స్టాంపు కూడా అంటించాను. పోస్టుడబ్బా మా వీధి చివరే ఉంది. ఇంకా వెయ్యలేదు.