లోపలి గది తూర్పు మూల

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. అన్నవాళ్ళెవరో గానీ, కట్టిన ఇంటిని అద్దెకిచ్చి చూడు అనే మూడో ముక్క ఎగ్గొట్టేశారు. బహుశా వాళ్ళెప్పుడూ ఇచ్చి ఉండరు. ఆ ముక్క బరువెంతో తెలియాలంటే అరకు సంతకు పోయే దారిలో, లేత ఆకుపచ్చ రంగు కొట్టిన సోని ఇంటి సంగతి వినాలి.

శనివారం పుట్టింది కాబట్టి ఆమె సోని. సోమవారం పుట్టాడు కాబట్టి ఆమె మొగుడు సోంబరు. ఆ కొండల్లో పేరు కోసం ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోరు. బుర్ర బద్దలు కొట్టుకోవలసినవి వేరే ఉంటాయి, సోంబరుకైతే అది తలదాచుకునే చోటు. పెళ్లయిన కొత్తలో టైడా దగ్గర రైలు పట్టాల కాంట్రాక్టు పని. కాంట్రాక్టరు రేకుల షెడ్డు వేశాడు, పని అయిపోగానే పీకేశాడు. తర్వాత అనంతగిరి కాఫీ తోటలో కూలి గుడిసె. కాయ కోత ముగిస్తే గుడిసె ఖాళీ చెయ్యాలి. ఎవరు లెమ్మంటే అప్పుడు లేచి, కుండలు నెత్తిన పెట్టుకుని నడిచేవాడు. వెనకాల చాపచుట్టతో సోని నడిచేది. పిల్లలు కలగలేదు. మోయవలసిన మూటలు తగ్గాయని ఒకసారి సోంబరు నవ్వుతూ అన్నాడు గానీ, ఆ నవ్వు చూసి సోని చాపచుట్టను ఇంకో భుజానికి మార్చుకుంది.

చివరికి కొండ మీద సోని అత్తవారి ఊళ్ళో పెంకుటి కొంప, ఎకరం పైచిలుకు కాఫీ మిగిలాయి. రోడ్డు పక్కన తండ్రి నాటి చిన్న స్థలం ఉంటే, సోంబరు ఆ స్థలం మీద కన్నేశాడు. ఏళ్ళ తరబడి కట్టాడు. ఇటుకలు కొన్న ఏడు సిమెంటు లేదు, సిమెంటు దొరికిన ఏడు ఇసక లేదు. సాయంత్రం పని అయ్యాక తలుపుల్లేని గుమ్మంలో కూచుని బీడీ కాల్చుకునేవాడు.

"ఇక్కణ్ణించి మనల్ని లెమ్మనీ మొనగాడు లేడే," అనేవాడు సోనితో.

రంగులు వేసిన వానాకాలంలోనే జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో పడుకుని కూడా కిటికీకి ఊచలు బిగించారా అని అడిగాడు. ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోకుండానే పోయాడు.

పోయినవాళ్ళు అక్కడ ఊరికే పోరు. కర్మ అయ్యాక వాళ్ళను మళ్ళీ ఇంట్లోకి పిలుచుకుంటారు. ఇంట్లో ఒక మూల పెద్దలకు వదిలేస్తారు. కొర్ర, సామ, కంది, మామిడి, ఏ పంట చేతికొచ్చినా ముందు ఆ మూలలో పెద్దలకు పెట్టి, కొత్త పండగ చేసుకుని, అప్పుడే నోట పెట్టుకుంటారు. అంతవరకూ చెట్టు కింద రాలిన మామిడిపిందె కూడా కొరకరు. సోంబరును ఎక్కడికి పిలవాలన్న మాట వచ్చినప్పుడు, సోని రోడ్డు పక్క ఇంటికే అంది. మరిది గాసి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"మనుసులుండే ఇంటికి పిలవాల వదినా. ఖాళీ కొంపలోకి పిలిస్తే అన్నకి గంజెవులు పోస్తారు?"

"నాను పోస్తాను. ఆ మనిసి పేణమంతా అక్కడే ఉంది."

సోని పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. దిసారి, అంటే వాళ్ళ ఊరి పూజారి, వచ్చి సోంబరును ఆ ఇంటి లోపలి గది తూర్పు మూలకు పిలిచాడు. గోడకు పసుపు రాశారు, ఒక చిన్న రాయి పెట్టారు. ఆ తర్వాత సోని కొండ మీద కాఫీనీ మేకలనీ చూసుకుంటూ, ప్రతి కొత్తకూ అన్నం మూట కట్టుకుని కిందికి దిగి, తాళం తీసి, మొగుడికి పెట్టి, కాసేపు కబుర్లాడి, తాళం వేసుకుని ఎక్కిపోయేది. నిజం చెప్పాలంటే ఆమెకు అంతకు మించిన పండగ లేదు.

మనుషులు తిరగని ఇల్లు ఊరుకుంటుందా? గోడలు చెమ్మగిల్లాయి, కిటికీ రెక్కలు ఉబ్బాయి. సోనికి మోకాళ్ళు పట్టేశాయి, పక్క తోటల్లో కూలికి ఎక్కలేకపోతోంది. వలిసె పూల కాలంలో ఫోటోలకొచ్చే జనాన్ని చూసి, మైదానం నుంచి ఒకాయన వచ్చి ఇల్లు లీజుకిమ్మని, హోటలు పెడతానని నోరూరించాడు. గిరిజనుల స్థలం బయటివాళ్ళకు లీజుకివ్వడం కూడా కుదరదని చిన్నపిల్లలకు కూడా తెలిసిన కొండ అది. "1/70 సట్టముంది బాబూ" అని మంచినీళ్ళిచ్చి పంపించింది.

అలాంటప్పుడు రత్న వచ్చింది. ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన నర్సు, పాతికేళ్ళ పిల్ల. సొంతూరు అనంతగిరి అవతల కొండల్లో, తనూ గిరిజనుల పిల్లే. ఇల్లంతా తిరిగి చూసి, కుళాయి తిప్పి చూసి, అద్దె బేరమాడకుండా ఒప్పుకుంది. తూర్పు మూలలో పసుపు గోడను చూసింది గానీ ఏమీ అడగలేదు, సోనీ చెప్పలేదు. చెప్పడానికేముంది అనుకుంది. వాళ్ళ ఊళ్ళో ఎవరింట్లోకి ఎవరు వెళ్ళాలన్నా తలుపు తోసుకుని వెళ్ళడమే. అద్దెకిస్తే మాత్రం తన మొగుడి దగ్గరికి తను వెళ్ళడానికి అడ్డేమిటి? అక్కడే ఆమె బోల్తా పడింది.

"గ్యాసు కనెక్షనుకి అగ్రిమెంటు అడుగుతున్నారు పిన్నీ. శుక్రవారం సంతకొస్తావు కదా, రాయించీద్దాం," అంది రత్న.

అరకులో కాగితాలు రాసే వరహాలరావుది విజయనగరం వైపు. కంప్యూటరు ముందు కూచుని, ఇద్దరూ గిరిజనులేనని కులం సర్టిఫికెట్లు చూశాక గానీ వేలు కదపలేదు. తర్వాత టకటకా కొట్టేసి, రాగం తీస్తూ చదవడం మొదలుపెట్టాడు. పదకొండు నెలలన్నాడు, కరెంటు బిల్లన్నాడు. గోడలకు మేకులు కొట్టరాదన్నాడు. సోని తలాడిస్తూ కూచుంది. ఇంతలో ఆయన, "యజమానురాలు అద్దెదారు అనుమతి లేనిదే సదరు ఇంటిలో ప్రవేశించరాదు," అని చదివాడు.

సోని తల ఆగిపోయింది. "అదేటి బాబూ? మల్లీ సదువు."

మళ్ళీ చదివాడు.

"ఆ ముక్క తీసీ."

"అదందరికీ ఉండీదేనమ్మా," అన్నాడు వరహాలరావు.

రత్న మెల్లగానే అంది గానీ గట్టిగా అంది. "అది తీస్తే నేను దిగను పిన్నీ. ఇదివరకున్న ఇంట్లో ఓనరు ఎప్పుడు పడితే అప్పుడు తలుపు తీసుకుని లోపలికొచ్చీసీవాడు. నాకు నైట్ డ్యూటీలుంటాయి, పగలు పడుకుంటాను. ఒక్కదాన్ని. ఆ భయంతో నిద్రే పట్టీది కాదు."

ఆ పిల్ల అబద్ధమాడటం లేదని సోనికి తెలిసింది. రత్న స్థానంలో తనున్నా అదే అడిగేది. కానీ సంతకం పెడితే సోంబరు దగ్గరికి వెళ్ళడానికి ఇంకొకరి సెలవు కావాలి. వాళ్ళు వద్దంటే పెద్దాయన ఆకలితో ఉండాలి. నలుగురిలో ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, వచ్చే శుక్రవారం పెడతానని లేచి వచ్చేసింది.

విషయం విన్న గాసి మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "దానికేటి? దిసారిని పిలిసి, ఒక కోడి కోసి, అన్నని పైకి తెచ్చీద్దుం. నాను అప్పుడే సెప్పినాను."

దిసారి కూడా కుదురుతుందన్నాడు. మంచిరోజు బుధవారం అన్నాడు. సోని ఒప్పుకుంది. మంగళవారం పొద్దున్న కిందికి దిగింది, రేపు వచ్చి తీసుకెళ్తామని మొగుడికి చెప్పాలి కదా. తాళం తీసి, లోపలి గదిలో నేల ఊడ్చి, మూల ముందు కూచుంది. కిటికీ ఊచల నీడ నేల మీద పడింది. ఆ ఊచల కోసమే కదా మనిషి ఆసుపత్రి మంచం మీద నుంచి అడిగాడు. చెబుదామని నోరు తెరిచింది.

కాంట్రాక్టరు లెమ్మంటే లేచాడు, తోట మేస్త్రీ లెమ్మంటే లేచాడు. నోరెత్తి ఒక్కరినీ ఏమీ అనలేదు. ఇప్పుడు సొంత ఇంట్లోంచి, అద్దెకు దిగేవాళ్ళ కోసం, తనే లెమ్మనాలా? బతికున్నప్పుడు అందరూ చేసిన పనే పోయాక పెళ్ళాం చెయ్యాలా? సోనికి దుఃఖం ముంచుకొచ్చింది. చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి కరువుదీరా ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, కొండెక్కి, బుధవారం కోడి వద్దని గాసికి చెప్పేసింది.

శుక్రవారం వరహాలరావు దుకాణంలో ఈసారి సిగ్గుపడలేదు. రత్న ముఖంలోకి చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఆ లోపలి గదిలో మా ఇంటాయన ఉన్నాడు గుంటా."

వరహాలరావు వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. "ఇల్లు ఖాళీ అన్నావు కదమ్మా. ఇంకో మనిషుంటే ఆ పేరు కూడా రాయాల."

"పోయినాడు బాబూ. పోయినా అక్కడే ఉన్నాడు. ఆ ఇల్లు ఆయనే కట్టినాడు. అందులో ఒక్క దినం బతకలేదు. కొత్తకి కొత్తకీ నాను ఎళ్ళి కూడు పెడతాను. అది మానీమంటే నాను ఇల్లియ్యలేను. నీ భయం నాకు తెలిసింది సిస్టరమ్మా, నీ తప్పు లేదు. నా మనిసికీ నాను తప్ప ఎవులూ లేరు."

పసుపు గోడ రత్నకు గుర్తుకొచ్చినట్టుంది. "మా ఇంట్లో తాత కాలం నుంచీ చర్చే పిన్నీ. మేం పెద్దలకి పెట్టం. అమ్మకి తెలిస్తే గొడవ సేస్తాది," అంది. మళ్ళీ తనే, "కోడిని ఇంట్లో కోస్తారా?" అని అడిగింది.

"బయట కోసి, వండి తెస్తాను."

"ముందు రోజు చెప్తావా?"

"సెప్తాను."

"నేను లేనప్పుడు తలుపు తియ్యవు కదా?"

సోని బొడ్డున ఉన్న రెండో తాళంచెవి తడుముకుంది. ఈ మాటే కష్టం. మొగుడు లోపల, తను బయట. అయినా ఎదుట ఉన్నది ఆడపిల్ల, నిద్రపట్టని ఆడపిల్ల. "తియ్యను," అంది.

వరహాలరావు గొంతు సవరించుకుని, తన సర్వీసులో ఎన్నడూ రాయని వాక్యం రాశాడు. సదరు ఇంటి లోపలి గది తూర్పు మూల అద్దెలో చేరదనీ, అది ఇంటి పెద్ద సోంబరుకు చెందుతుందనీ, కొత్త పండగలకు యజమానురాలు ముందు రోజు తెలియజేసి, అద్దెదారు ఉండగా వచ్చి పెట్టుకోవచ్చనీ రాశాడు. చదివి వినిపించాక, "మేం తద్దినానికి కాకుల్ని బతిమాలుకుంటాం. నీకా బాధ లేదమ్మా," అన్నాడు. సోని వంకరటింకరగా సంతకం పెట్టింది. సోంబరు పేరు ఒక ఇంటి కాగితం మీద పడటం అదే మొదలు.

మామిడి కొత్త వచ్చింది. ముందు రోజు సోని ఫోను చేసి చెప్పింది. రత్న పొద్దున్న డ్యూటీ దిగి ఇంట్లోనే ఉంటానంది. తీరా సోని అన్నం, కోడికూర, మామిడికాయలూ మూట కట్టుకుని దిగేసరికి తలుపుకు తాళం ఉంది. గుమ్మంలో చతికిలబడింది. బొడ్డున తాళంచెవి ఉంది. సంతకు పోయే ఆడవాళ్ళు చూసి ఊరుకుంటారా? "సొంతింటి గుమ్మంలో ముష్టిదానిలాగ కూకున్నావేటే సోనీ?" అని ఒకామె వేళాకోళమాడింది. సోనికి ఒళ్ళు మండింది. ఎండ గుమ్మం మీదికొచ్చింది, అన్నం చల్లారిపోతోంది. లోపల ఆయన చూస్తూ ఉంటాడు. తియ్యనని మాటిచ్చింది గానీ, ఆ పిల్ల మాత్రం ఉంటానన్న మాట తప్పింది కదా? రెండుసార్లు తాళంచెవి చేతిలోకి తీసుకుంది, రెండుసార్లూ మళ్ళీ దోపుకుంది.

ఎండ నడినెత్తికొచ్చాక రత్న ఆటో దిగి పరుగున వచ్చింది. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. "కాన్పు కేసు పిన్నీ, వదిలి రాలేకపోయాను. తలుపు తీసుకుని ఎళ్ళిపోయుంటావనుకున్నాను," అంది.

"తియ్యనన్నాను కదా," అంది సోని. మాట కొంచెం పెళుసుగానే వచ్చింది.

లోపలి గదిలో మూల తుడిచి ఉంది. రత్న మంచం అవతలి గోడకు జరిపి ఉంది. వంటగట్టు కింద ఒక గంప కనపడింది. దాని నిండా మామిడికాయలు, ఎప్పుడో పచ్చడికి పనికొచ్చేవి, ఇప్పుడు పసుపు తిరిగి, కొన్ని మెత్తబడి, ఈగలు ముసురుతున్నాయి.

"ఇదేటి గుంటా, పాడు సేసీసినావు? తినలేదేటి?"

"పేషెంట్లు ఇచ్చారు పిన్నీ, ఇరవై రోజులైంది." రత్న చెప్పులు విడుస్తూ, ఎటో చూస్తూ అంది. "ఇంటి పెద్దాయన ఇంకా తినలేదు కదా. ఆయన ఇంట్లో ఉంటూ మనం ముందెలా తింటాం?"

అగ్రిమెంటులో ఆ మాట ఎక్కడా లేదు. సోని గంపలోంచి బాగున్న కాయ ఒకటి ఏరి, తను తెచ్చినవాటి కంటే ముందు దాన్నే కోసి, ఆకులో పెట్టి, తూర్పు మూల ముందు కూచుంది. కళ్ళు తుడుచుకుని మొగుడితో అంది.

"బేగి తిను. గుంట పొద్దున్నించీ ఆకలి మీదుంది."