అవ్వ పైట కింద బిళ్ళ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నా మాట మీద మా ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు, అది వేరే సంగతి. అందుకే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నాను.

చిత్తూరులో మా తమ్ముడి కూతురి పెండ్లికి ముందు, పెద్దలకు బట్టలు పెట్టే రోజు అది. చనిపోయినవాళ్ల పటాల ముందు కొత్త బట్టలు పెట్టి మొక్కాకే మా ఇంట్లో పెండ్లి పనులు మొదలవుతాయి. అవ్వ పటం, అంటే మా నాయన తల్లిది, నేనే తుడిచాను. పెండ్లయిన కొత్తలో స్టూడియోలో తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో. గొంతు దాకా లాక్కున్న పైట. అవ్వకు ఫొటోలో కూడా చలేనని చిన్నప్పుడు నవ్వుకునేవాళ్లం.

హారతి వెలిగించేసరికి ఆ పైట రెండు వేళ్ల మేర కిందికి జారి ఉంది. అద్దం పగల్లేదు, వెనక అట్ట ఊడలేదు. తాళి పక్కన చిన్న బిళ్ళ, దాని మీద ఆడమనిషి బొమ్మ.

అప్పటిదాకా నాకు తెలిసిన బిళ్ళలన్నీ తలనొప్పివే. ఇదీ తలనొప్పేనని, పలమనేరు నుంచి వచ్చిన మేనత్త నోరు తెరవగానే తెలిసింది.

"అది మా అమ్మ సవతిది మే. మా నాయన మొదటి పెండ్లాం. కాన్పులో సచ్చిపోయింది. సచ్చినామె దయ్యమై పట్టకుండా ఆమె బొమ్మను రెండో ఆమె మెళ్లో ఏసుకోవాల. అది మా నాయన కంట పడకూడదని అమ్మ పైట కింద దాసుకునేది."

"ఆమె పేరేంది అత్తా?"

"ఎవురికి తెలుసు? ఇంట్లో ఆయన ఆ పేరు ఎత్తనిస్తే కదా."

నాకు ఒళ్లు మండింది. ఈ ఇంట్లో ఇన్ని పెండ్లిళ్లు జరిగాయి. ప్రతిసారీ తాతకు పంచె, అవ్వకు చీర. అందరికంటే ముందు కోడలిగా వచ్చిన మనిషికి జాకెట్ ముక్క కూడా లేదు. ఇంకో చీర పెడదామన్నాను.

"సచ్చిపోయినామెకు ఇప్పుడు సీరేందిమా?" అన్నాడు నాయన.

"మరి అవ్వ బతికుండాదా నాయనా?"

ఎవరూ నవ్వలేదు.

"పేరు కూడా తెల్దు. ఎవురని మొక్కేది?" అన్నాడు మళ్లీ.

పేరు తుడిచేసింది వీళ్లే, పేరు లేదని సాకు చెప్పేదీ వీళ్లే. పెండ్లికని కొనుక్కున్న నా పట్టుచీర తెచ్చి అవ్వ చీర పక్కన పెట్టాను. ఎవరూ తీయలేదు. అత్త తప్ప ఎవరూ మొక్కలేదు.

మరునాడు పటం గోడకు తగిలించేటప్పుడు చూస్తే, పైట మళ్లీ గొంతు దాకా ఉంది.

"వెలుతురు పడి అట్ల కనబడింటాదిలే అక్కా" అన్నాడు తమ్ముడు. ముందురోజు ఫోన్లో తీసిన ఫొటో చూపించాను. బిళ్ళ అందులో ఇప్పటికీ ఉంది. చూసి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. నాయన అయితే చూడనే లేదు.

ఆ పైట ఎట్లా జరిగిందో, ఎట్లా సర్దుకుందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఆమె పేరూ తెలియలేదు. పైట జరిపింది ఎవరైనా, వాళ్ల మీద మాత్రం నాకు కోపం లేదు.