పప్పు ఉడకని నీళ్లు

2018 జూన్ 11, సోమవారం ఉదయం 9 గంటల 40 నిమిషాలకు చర్ల మండలంలోని ఒక అటవీ గూడెంలో రెండు డ్రమ్ముల వడపోత మొదలైంది. అప్పుడు నేను ఖమ్మంలో నీటి పరీక్షల ప్రయోగశాలలో సీనియర్ కెమిస్టును. గూడెంలోని పదకొండు ఇళ్లూ వాడే చెలమలోకి పాత గని గోతుల ఊట చేరి, నీటిలో సీసం హద్దు దాటింది. సీసం పిల్లల ఎదుగుదలను, బుద్ధిని దెబ్బతీస్తుంది. రక్తపరీక్షల్లో అందరికంటే ఎక్కువ సీసం ఉన్నది ముత్తమ్మ అనే ఆమె మనవరాలికి. ఆ పిల్లకు నాలుగేళ్లు.

డ్రమ్ముల్లో నింపింది క్వారీ దగ్గర గుట్టలుగా పారేసిన డోలమైట్ రాతిపొడి. అది నీటి ఆమ్లగుణాన్ని విరిచి సీసాన్ని పట్టి ఉంచుతుంది. రెండు వారాలకోసారి నమూనా తీశాను. ప్రతిసారీ సీసం హద్దు లోపలే వచ్చింది. ‘ఈ నీరు తాగుతున్నారా?’ అని ఫారంలో ఒక గడి ఉండేది. అన్ని ఇళ్లవాళ్లూ అవ్ అన్నారు, టిక్కు పెట్టాను.

ఫిబ్రవరిలో వైద్య బృందం పిల్లల రక్తం మళ్లీ పరీక్షించింది. సీసం తగ్గలేదు. గని చెత్తతో నీళ్లు శుభ్రమవుతాయా అని పై అధికారి కోప్పడి, డ్రమ్ములు తీసేయమన్నారు.

మార్చి 6న డ్రమ్ములను ట్రాక్టరెక్కిస్తుంటే ముత్తమ్మ వచ్చింది.

“పోతే పోనీ తియ్యమ్మా. తాగనీకి మంచిగనే ఉన్నయి గానీ, గా నీళ్లల్ల పప్పు ఉడుకుతదా? పొద్దందాక మంట పెట్టినా గులకరాళ్లే.”

మరి వంట దేంతో అని అడిగాను. వడపోయని చెలమ నీళ్లతోనే అంది. ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

“నువ్వు అడిగితివా? తాగుతున్నరా అన్నవ్, అవ్ అన్నం. ఏందమ్మా, నీ ఇంట్ల పొయ్యి లేదా?”

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు.

డోలమైట్ నీటికి కాఠిన్యం చేరుస్తుంది. అలాంటి నీటిలో పప్పు ఉడకదు. అప్పటికి నాది ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగం, అంతకంటే ఎక్కువ కాలం వంట. డ్రమ్ముల్లో మిగిలిన నీళ్లు ఒక క్యాను ఇంటికి తెచ్చి మరిగించి, చల్లార్చి, కాఠిన్యం అడుగున తెల్లగా పేరుకున్నాక పైన తేరిన నీటిలో కందిపప్పు వేశాను. ఉడికింది. ఆ సంగతి రాసి పంపితే ఫైలు మూసేశామని జవాబొచ్చింది. సెప్టెంబరులో పదవీ విరమణ చేశాను.

వడపోత పెట్టేవారు ఆ నీరు ఏయే గిన్నెల్లోకి వెళ్తుందో ముందు అడిగి రాసుకోవాలి. నేను అడగలేదు.

పోయినవి: రెండు డ్రమ్ములు, పంతొమ్మిది నమూనాల పని, 268 రోజులు, పదకొండు ఇళ్ల మంచినీళ్లు. ముత్తమ్మ మనవరాలి రక్తంలో సీసం ఎంతుందో ఆ తర్వాత ఎవరూ కొలవలేదు.