పొయ్యి కాడి మర్యాద

పని ఉన్నా లేకున్నా మట్టయ్య రోజూ తెల్లవారగానే తన ఇనుప గరిటెను కడిగేవాడు. అది మనిషి నడుమెత్తు ఉండేది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక గల్లీలో, కిరాయి ఇంటి ముందరి నల్లా కింద దాన్ని బూడిదతో తోమి, పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి గూటి పక్కన గోడకు ఆనించేవాడు. యాదగిరి నర్సన్నకు ఒక దండం, అన్నపూర్ణమ్మకు ఒక దండం. ఆ తర్వాతే చాయ్. ఎవరైనా నవ్వితే, తన కంచంలోకి ఇంత కూడు వచ్చింది ఆ గరిటె కొసనుంచే కదా అనేవాడు.

ఆయన వంట మేస్త్రి. చండూరు దగ్గరి పల్లె నుంచి ఇరవై ఏళ్ళప్పుడు గిన్నెలు తోమే పనికి వచ్చి, చూసి చూసి వంట నేర్చాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా పెళ్ళయినా, పురుడైనా, దినాలైనా ఆయనకే కబురు వచ్చేది. బగారా అన్నం, మటన్ కూర ఆయన చేతిలో పడితే ఆ రుచే వేరనేవారు. ఆయన భార్య అండాలమ్మ పక్కనే పీట వేసుకుని ఉల్లిగడ్డలు కోసేది. మణుగు కోసినా కంట నీరు రానివ్వని మనిషి ఆమె.

ఈ పనిలో ఒక మర్యాద ఉంది. మాంసం వండే రోజున, పొయ్యి అంటించే ముందు, ఇంటి పెద్ద వచ్చి మేస్త్రి చేతిలో తమలపాకులు, వక్క, న్యూస్ పేపర్లో చుట్టిన ఒక కోటర్ సీసా పెడతాడు. మేస్త్రి గొంతు తడవకుంటే కూరకు రుచి రాదని జనం నమ్మకం. మట్టయ్య నమ్మకమూ అదే. ముప్పై ఏళ్ళుగా ఏ ఇంట్లోనూ ఆ సీసాను కాదనలేదు. అంతమాత్రాన తాగుబోతు కాడు. ఇంట్లో ముట్టడు, తూలడు, నోరు జారడు. అండాలమ్మ కూడా దాన్ని తాగుడు కింద లెక్కపెట్టలేదు. తాంబూలం లాంటిదే అనుకునేది.

యాభై దాటాక నొప్పి మొదలైంది. సీసా ఖాళీ చేసిన అరగంటకు రొమ్ము ఎముక కింద ఎవరో నిప్పు కణిక పెట్టినట్టు మండేది. ముప్పై ఏళ్ళ వయసులో రెండు సీసాలు తాగి బండలా నిద్రపోయిన మనిషికి ఇప్పుడు సగం సీసా కూడా పడేది కాదు. మొదట్లో ఎప్పుడో ఒకసారి వచ్చేది. తర్వాత వంట వంటకూ వచ్చింది. చెయ్యి కడుపు మీద అదిమిపెట్టి, ఒంటి చేత్తో కూర కలిపేవాడు.

ఇంత జరిగినా ఆయన అనుమానం సీసా మీదికి పోలేదు. మర్యాదగా వచ్చినదాన్ని ఎవరు అనుమానిస్తారు? తప్పంతా కారానిదే అనుకున్నాడు. ముందు తన కంచంలో కారం మానేశాడు. తర్వాత ఉప్పు చూడటం మానేశాడు. చివరికి, నాకు పడనిది జనానికి మాత్రం ఎట్ల పడుతుందని, గుండిగలో వేసే కారమే తగ్గించాడు.

ఆ ఎండాకాలం ఎల్బీ నగర్‌లో ఒక పెళ్ళి. బంతి మీద కూర్చున్న వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్ద మనుషులు కనుక తలవంచుకుని తినేశారు. పెళ్ళికొడుకు నాయనమ్మ మాత్రం చెయ్యి కడుక్కుని, కర్ర ఊతంతో మెల్లగా పొయ్యి దాకా నడిచివచ్చింది. కూర బాగాలేదని అనలేదు ఆ తల్లి.

"కొడుకా, పాణం బాగుంట లేదా?" అని అడిగింది.

కూర చప్పగా ఉందని తిడితే మట్టయ్య దులిపేసుకునేవాడు. ఈ మాటకు మాత్రం తలెత్తలేకపోయాడు.

మర్నాడు చైతన్యపురి మూలమీది మందుల దుకాణానికి వెళ్ళాడు. దాని యజమాని జోగారావు. అమలాపురం వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. హాస్టల్ పిల్లలకు జ్వరం వస్తే మందుతోపాటు తన ఇంటి నుంచి గంజి కూడా పంపించే మనిషి. మట్టయ్య ఎప్పటిలాగే గ్యాస్ బిళ్ళలు, మోకాళ్ళ నొప్పి బిళ్ళలు అడిగాడు. జోగారావు డబ్బా తీయకుండా బల్ల మీద చేతులు ఆనించాడు.

"ఏం మట్టయ్యా, ఈ రెండూ వారం వారం కొంటున్నావు. ఒకటి కడుపు కాల్చేది, ఒకటి ఆర్పేది. అసలు నువ్వు అన్నం ఎప్పుడు తింటావయ్యా?"

వంటవాడి ఆకలి ఆఖరి బంతి లేచినంకనే కదా అన్నాడు మట్టయ్య. పొద్దున మోకాళ్ళకు బిళ్ళ, పది గంటలకు మర్యాద, అన్నం సాయంత్రం నాలుగింటికి. అడిగినకొద్దీ అన్నీ దాచకుండా చెప్పాడు. జోగారావు విని, ఆ రోజు ఏ బిళ్ళా అమ్మలేదు. దుకాణం భార్య సూర్యప్రభకు అప్పగించి, తన స్కూటర్ మీద మట్టయ్యను దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడ గొంతులో గొట్టం వేసి చూసి, కడుపులో పుండు ఉందన్నారు. డాక్టరు కోప్పడలేదు. వయసు పెరిగేకొద్దీ కడుపు లోపలి పొర ఓపిక తగ్గుతుందనీ, ముప్పైలో సర్దుకున్నది యాభైలో సర్దుకోదనీ, ఖాళీ కడుపున నొప్పి బిళ్ళ, దాని మీద మందు పడితే పుండు పడక ఏమవుతుందనీ వివరంగా చెప్పాడు. సీసా ఇక ముట్టవద్దని, మోకాళ్ళ బిళ్ళ మార్చాలని, వేళకు తినాలని చీటీ రాసిచ్చాడు. పుండు మానేదాకానే కారం తగ్గించమన్నాడు. ఇలాగే సాగితే ఏదో ఒక రోజు లోపల నెత్తురు కారుతుందని, అది ప్రాణం మీదికి తెస్తుందని కూడా దాచకుండా చెప్పాడు.

ఇంటికొచ్చి చెబితే అండాలమ్మ దేవుడి గూడు వైపు చూసి దండం పెట్టుకుంది.

"ఇన్నొద్దులు నా ఎర్ర కారాన్ని ఆడిపోసుకుంటివి గదయ్యా. దాని మీది నింద అదే కడుక్కున్నది."

ఆషాఢం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు. మట్టయ్య వేళకు తిన్నాడు, మందులు వాడాడు, కడుపు చల్లబడింది. శ్రావణంలో మొదటి పిలుపు వచ్చింది. సీసా చేతిలో పెడితే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ ఇంటాయన ముఖం చిన్నబోయింది. తక్కువ రకమని వద్దంటున్నాడేమో అనుకుని, బండి మీద పోయి అంతకంటే ఖరీదైనది తెచ్చాడు. అంత ఎండలో తన కోసం తిరిగొచ్చిన మనిషిని మట్టయ్య కాదనలేకపోయాడు. దానికి తోడు లోపల భయం ఉండనే ఉంది. ఇది లేకుండా చెయ్యి తిరుగుతుందా? ఈ చెయ్యి తిరగకపోతే తాను ఎవరు? సగం తాగాడు. ఆ పూట నొప్పితో ముడుచుకుని, బియ్యం బస్తా మీద పడుకుని, అండాలమ్మకు చెబుతూ వంట చేయించాడు. మళ్ళీ దవాఖానకు పోతే, ఇంకోసారి చెప్పించుకోవద్దన్నాడు డాక్టరు.

ఆ తర్వాత తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి. ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదనే వండుకుని తినే వంటావార్పు పెడుతున్నామని, వెయ్యి మందికి చెయ్యాలని, శ్రీనివాస్ వచ్చి అడిగాడు. అతను దిల్‌సుఖ్‌నగర్ డిపోలో కండక్టరు, చండూరు బస్సు అతనిది. మట్టయ్యను మామా అని పిలుస్తాడు. మట్టయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తన మట్టి కోసం గరిటె పట్టకపోతే దానికి రోజూ బొట్టు ఎందుకు పెట్టినట్టు?

ఆ పొద్దున గరిటె భుజాన వేసుకుని నడుస్తుంటే జోగారావు దుకాణం షట్టరు సగానికి దించి కనిపించింది. ఆంధ్రావాళ్ళ గురించి ఊళ్ళో మాటలు విని ఆయన కొంచెం బెదిరి ఉన్నాడు.

"సారూ, మందుల దుకాణం సగం దించితే రోగాలు సగం ఆగుతయా? పైకి లేపు. నిన్నెవరేమంటరు, నేనున్న గదా. పగటికి చౌరస్తాకు రా, మా కారం తిందువు గని" అన్నాడు మట్టయ్య.

చౌరస్తాలో టెంటు వేశారు. ఇంటికి ఇంత బియ్యం వచ్చింది. మార్కెట్ హమాలీలు టమాటాలు, పచ్చిమిరపకాయలు మోసుకొచ్చారు. ఆ రోజు మాంసం లేదు, బగారా అన్నం, టమాటా పప్పు. అయినా శ్రీనివాస్ మర్యాద మరవలేదు. బంద్ కాబట్టి వైన్సులన్నీ మూసి ఉంటాయని ముందురోజే తెచ్చిపెట్టుకున్న పేపరు చుట్టను సంచిలోంచి తీసి, తమలపాకులతో కలిపి రెండు చేతులా అందించాడు.

మట్టయ్య ఆకులు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. సీసాను శ్రీనివాస్ చేతిలోనే ఉంచి, అతని వేళ్ళు దాని మీద మూశాడు.

"వద్దు అల్లుడా. దీనితోని నా కడుపుల పుండు పడ్డది."

శ్రీనివాస్ పరేషాన్ అయ్యాడు. వెయ్యి మంది ఆకలి మీద ఉన్నారని, ఈ ఒక్క రోజు కానిచ్చి రేపటినుంచి మానుకోమని గొంతు తగ్గించి బతిమాలాడు. చెయ్యి తప్పితే ఎట్ల మామా అన్నాడు. మట్టయ్య భయమూ అదే. ముప్పై ఏళ్ళలో గొంతు తడపకుండా ఇంత పెద్ద పొయ్యి ఎన్నడూ వెలిగించలేదు.

అప్పుడే జనాన్ని తప్పించుకుంటూ జోగారావు వచ్చాడు, చేతిలో స్టీలు క్యాను. ఎవరీయన అన్నట్టు ఇద్దరు ముగ్గురు చూశారు. మా సారే, నా ప్రాణం నిలబెట్టిన మనిషి అన్నాడు మట్టయ్య. వాళ్ళు జరిగి దారిచ్చారు. ఒకాయన కుర్చీ వేశాడు.

"మా ఆవిడ మజ్జిగ చిలికి ఇచ్చిందయ్యా. పొయ్యి వేడికి ఖాళీ కడుపుతో నిలబడొద్దని మరీ మరీ చెప్పమంది" అన్నాడు జోగారావు.

మట్టయ్య రెండు గ్లాసులు తాగాడు. అల్లం, కరివేపాకు వేసిన పలుచటి మజ్జిగ. నర్సన్నను తలుచుకుని పొయ్యి వెలిగించాడు.

నూనె కాగి ఉల్లిగడ్డ పడగానే చిటపట వినబడింది. ఆ చప్పుడు ఇంత స్పష్టంగా విని ఎన్నాళ్ళయిందో. మాడే ముందు వాసన మారే ఆ చిన్న క్షణం కూడా ముక్కుకు దొరికింది. కారం పూర్తి కొలతతో వేశాడు. పప్పు ఉడికాక గరిటె కొసన ఇంత తీసి, అరచేతిలో వేసుకుని నాకాడు. అండాలమ్మ కత్తిపీట వదిలి ఆయన ముఖమే చూస్తోంది. ఉప్పు చిటికెడు తక్కువైంది. వేశాడు. అరగంట గడిచింది. రొమ్ము కింద నిప్పు లేదు.

రోడ్డు మీద బంతులు సాగాయి. జోగారావు ముక్కు మీద చెమట తుడుచుకుంటూ రెండోసారి పప్పు వేయించుకున్నాడు. మూడో బంతికి గుండిగ అడుగు గీకిన చప్పుడు వినబడింది. మళ్ళీ ఎసరు పెట్టాల్సి వచ్చింది. శ్రీనివాస్ విస్తరి మడిచి వచ్చి, ఇంతకుముందు తిన్నదంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు మామా అని ఒప్పుకున్నాడు. సీసా అతని సంచిలో అలాగే ఉంది.

ఆ రోజు మట్టయ్య ఆఖరి బంతి దాకా ఆగలేదు. అండాలమ్మను పక్కన కూర్చోబెట్టుకుని రెండో బంతిలోనే తిన్నాడు. బంతులన్నీ లేచాక గరిటె కడిగి, శ్రీనివాస్‌ను దగ్గరికి పిలిచాడు. ఒక్క ఇంట్లో వద్దనడం వేరు, వచ్చే మాఘం దాకా పిలిచే ఇళ్ళన్నిటిలో వద్దనడం వేరు. తన మాట తనకంటే ముందు ఆ గడపలు ఎక్కాలి.

"ఒక పని చేసిపెట్టాలె అల్లుడా. రేపో మాపో బస్సులు నడుస్తయి. నీ బండి ఈడికెళ్ళి చండూరు పోయేదాక ఎక్కేటోళ్ళల్ల సగం మంది నా చేతి కూడు తిన్నోళ్ళే, రేపు నన్ను పిలిచేటోళ్ళే. టికెట్ కొట్టేటప్పుడు ఒక్క మాట జెప్పు. మట్టయ్యను వంటకు పిలిస్తే పొయ్యి కాడికి సీస తేవద్దు, చెంబెడు మజ్జిగ తేవాలె అని. నేను జెప్తే తక్కువ రకమని అలిగిండనుకుంటరు. నువ్వు జెప్తే నమ్ముతరు."