సుగుణమ్మగారు కొన్న సైకిలు

మధ్యాహ్నం గాలి తిరిగింది. ఎదురింటివాళ్లు డాబా మీద ఆరబోసిన మిరపకాయల ఘాటు కిటికీలోంచి వచ్చి గొంతులో పడింది. మా కోడలు తుమ్ముతూ తలుపులు వేయబోతే వద్దన్నాను. ఆ ఘాటు తగిలినప్పుడల్లా నాకు సుగుణమ్మగారు గుర్తొస్తారు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఒక చేత్తో సైకిలు సీటు పట్టుకుని, ఆయాసపడుతూ నా వెనక పరుగెత్తుతున్న సుగుణమ్మగారు.

అరవైల మొదట్లో సంగతి. మిడ్‌వైఫ్ శిక్షణ ముగించుకుని, మా ఊరికి దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రిలో చేరాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. అక్కడ నాకు పైఅధికారి సుగుణమ్మగారు. యాభై దాటిన మనిషి, భారీ శరీరం, పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చికి కట్టుకెళ్లే తెల్ల నేత చీరల్లాంటివే మిగతా రోజుల్లోనూ కట్టేవారు. చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులన్నిటికీ మేమిద్దరమే. బస్సు రోడ్డు వరకే వచ్చేది. అక్కణ్ణుంచి పత్తిచేల మధ్య బండ్లు నడిచే డొంకలో కాలినడకే.

చేరిన ఏడాది చలికాలంలో ఒక పల్లె నుంచి కబురొస్తే నేను నడిచి వెళ్లాను. గుమ్మం దగ్గరికి వెళ్లేసరికే లోపల ఏడుపులు వినిపించాయి. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. కాస్త ముందు వచ్చి ఉంటే దక్కేదని చూడగానే తెలిసింది. తిరిగొచ్చి చెబుతూ ఏడ్చాను. సుగుణమ్మగారు మందలించలేదు, ఓదార్చనూ లేదు. ఏ దారిన వెళ్లావు, ఎంతసేపు పట్టింది అని మాత్రం అడిగారు. తర్వాతి వారం సెలవు పెట్టి చీరాల వెళ్లారు. ఊరు విడిచి వెళ్తున్న ఒక డాక్టరమ్మ దగ్గర పాత లేడీస్ సైకిలు కొని, రైల్లో వేయించుకుని, స్టేషన్ నుంచి ఎద్దుబండి మీద తెచ్చారు.

“నాకు తొక్కడం రాదమ్మాయ్. ఈ మోకాళ్లతో ఇక రాదు కూడా. నువ్వు నేర్చుకోవాలి” అన్నారు.

“ఎవరు నేర్పుతారండీ?”

“నేనే.”

మిరపకాయల వ్యాపారి మస్తాన్‌గారి కోడలికి పురుడు పోసింది సుగుణమ్మగారే. ఆ అభిమానంతో ఆయన తమ మిరపకళ్లంలో ఒక పక్క ఖాళీ చేయించి ఇచ్చారు. గట్టిగా అలికిన నేల. రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్లేవాళ్లం. రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లు పని ఆపి మమ్మల్నే చూసేవాళ్లు. నవ్వు ఆపుకోవాలని వాళ్లు ప్రయత్నించినట్టు గుర్తు లేదు. ఒకరోజు హ్యాండిల్ అదుపు తప్పి తిన్నగా కాయల రాశిలోకి దూసుకెళ్లాను. అరచేతులు, మెడ, ముఖం భగ్గుమన్నాయి. సుగుణమ్మగారు నన్ను బావి దగ్గర కూర్చోబెట్టి కళ్లు కడిగి, మస్తాన్‌గారింట్లోంచి పెరుగు తెప్పించి చేతులకు పట్టించారు. ఆ మంటలో కూడా నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వారు.

ఆవిడ నేర్పే పద్ధతిలో ఒక చిక్కుండేది. సీటు మీది చెయ్యి తీసే ముందు “వదులుతున్నాను” అని పైకి చెప్పేవారు. ఆ మాట వినడం, నేను బిగుసుకుపోయి పడిపోవడం. చూసి చూసి మస్తాన్‌గారు, “చెప్పకుండా వదిలేయండమ్మా, దానంతటదే వచ్చేస్తుంది. మేమంతా అట్లా నేర్చుకున్నవాళ్లమే” అన్నారు.

“ఒకసారి అట్లా వదిలితే, రేపు నేను పట్టుకున్నా ఈ అమ్మాయి నమ్మదండీ” అన్నారావిడ.

అందరికంటే ఆలస్యంగా నేర్చుకున్నానేమో గానీ, చివరికి ఆ మాట విని కూడా పడకుండా ముందుకు సాగిన రోజు వచ్చింది. నా ఉద్యోగకాలమంతా, సూది గుచ్చే ముందు ఇప్పుడు నొప్పి పుడుతుందని చెప్పకుండా నేనెవరికీ గుచ్చలేదు.

నేనింకా నేర్చుకుంటుండగానే మా నాన్న ఆసుపత్రికి వచ్చారు. కళ్లంలో సంగతి ఊరంతా పాకింది మరి. “పెళ్లి కావలసిన పిల్లండీ. సైకిలెక్కి ఊళ్లమ్మట తిరిగితే ఎవరు చేసుకుంటారు? ఇట్లా అయితే ఉద్యోగం మాన్పిస్తాను” అన్నారు. సుగుణమ్మగారు వాదించలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, చలికాలంలో పోయిన బిడ్డ సంగతి నేను ఇంట్లో చెప్పానా అని అడిగారు. చెప్పలేదు. “ఇప్పుడు చెప్పు” అన్నారు నాతో. చెప్పాను. నాన్న తల వంచుకుని విన్నారు. కండువా భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఆ వానాకాలం అదే పల్లె నుంచి మళ్లీ కబురొచ్చింది. కాన్పు సామాన్ల సంచీ క్యారియర్‌కు కట్టి, “నువ్వు పద, నేను వెనక వస్తాను” అన్నారు సుగుణమ్మగారు. డొంకలో రేగడి మట్టి మడ్‌గార్డుల్లో ఇరుక్కుని చక్రాలు తిరగడం మానేశాయి. పుల్లతో మట్టి గీక్కుంటూ, కొంతదూరం తొక్కి, కొంతదూరం మోసి, మొత్తానికి చేరాను. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది. తప్పించాను. ఒళ్లంతా నీలంగా ఉన్న బిడ్డను తుడిచి, వీపు రుద్దుతూ ఉంటే కాసేపటికి కేరుమంది. నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను.

సుగుణమ్మగారు చాలాసేపటికి మోకాళ్ల దాకా బురదతో వచ్చారు. ముందు బిడ్డను, తర్వాత తల్లిని, చివరికి నన్ను చూశారు. మంచినీళ్లు తాగి, “నాకిక్కడ పనేం మిగలలేదే” అన్నారు, ఎంతో సంతోషంగా.

సాయంత్రానికి డొంక కాస్త ఆరింది. నడవలేక నిలబడిన ఆవిణ్ణి క్యారియర్ మీద కూర్చోమన్నాను. అప్పటిదాకా ఆవిడ ఎప్పుడూ సైకిలెక్కలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో నా నడుం పట్టుకుని, నోట్లో ప్రార్థన చెప్పుకుంటూ కూర్చున్నారు. మా ఊరి దగ్గర నాన్న బండి ఎదురైంది. ఆయన ఎడ్లను పక్కకు లాగి దారిచ్చారు. ఇంటికెళ్లాక, “ఆ బ్రేకులు సరిగా పట్టడం లేదు, చూపించుకో” అన్నారు.

సుగుణమ్మగారు పోయి చాలా ఏళ్లయింది. తర్వాత నేనూ ఆవిడ హోదాకు వచ్చాను, నా దగ్గరా ఎందరో పిల్లలు పని నేర్చుకున్నారు. కష్టమైన కాన్పు వస్తే వాళ్లు నా ముఖం చూసేవాళ్లు, మీరు రండమ్మా అన్నట్టు. చేతులు ముందుకు పోయేవి నాకు. ఆపుకునేదాన్ని. “నువ్వే చెయ్యి. నేనిక్కడే ఉన్నాను” అని, వేణ్ణీళ్ల గిన్నె పట్టుకుని ఆ పిల్ల వెనకాల నిలబడేదాన్ని.