బయటి గొళ్ళెం

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అలాంటిది సర్కారు డాక్టరే గూడేనికి నడిచివచ్చి, “దవాఖానాలో కాన్పుల గది కడుతున్నాం, అది ఎలా ఉండాలో మీరే చెప్పండి” అంటే జంపక్కకు అనుమానం రాకేం చేస్తుంది? చర్ల దాటిన ఆ అడవి పల్లెలకు జీపుల్లో వచ్చిపోయిన వాళ్ళు చాలామందే. వాళ్ళలో ఒక్కరూ ఆమెను ఏమీ అడిగిన పాపాన పోలేదు.

డాక్టరు కుర్రవాడు. నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టుంటాడు. ఆ మెత్తదనమే జంపక్కకు గిట్టలేదు. మగవాళ్ళంతా తలలూపి, “మీరెట్లంటే గట్లనే సారూ” అన్నారు. తొందరగా వదిలించుకోవాలనుకున్నప్పుడు గూడెం అనే మాట అది. డాక్టరు మాత్రం తనను మెచ్చుకున్నారనుకుని సంబరపడ్డాడు, పిచ్చినాయన.

జంపక్క భయం ఊరికే పుట్టింది కాదు. డెబ్బై ఆరులో, ఎమర్జెన్సీ నాటి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కాలంలో, ఆమె మొగుడు భీమయ్య సంతలో ఉప్పు కొంటుంటే జీపెక్కించుకుపోయారు. ఓ బడి గదిలోకి తోసి బయట గొళ్ళెం పెట్టారు. లోపలి వాళ్ళు చేతులు వాచేదాకా తలుపు బాదారు. తలుపు తీసింది ఆపరేషను బల్ల మీదికి తీసుకుపోవడానికే. అప్పటికి వాళ్ళకు కూతురు ముత్తక్క ఒక్కతే. ఇంకో బిడ్డను ఎత్తుకోవాలన్న ఆశ ఆ గదిలోనే పోయింది. ఆనాటినుంచి భీమయ్య ఏ దవాఖానా గడపా తొక్కలేదు. జ్వరంతో ఒళ్ళు పేలిపోతున్నా ఇంట్లోనే మూలుగుతూ పడుకునేవాడు.

ఇప్పుడు ఎనభై నాలుగు. ముత్తక్కకు నెలలు నిండుతున్నాయి. తొలిచూలు బిడ్డ అడ్డం తిరిగి చచ్చిపుట్టింది. తల్లి దక్కడమే గగనమైంది. ఈసారి కూడా కాన్పు ఇంట్లోనే అయితే ప్రాణానికే ముప్పు. పోనీ దవాఖానాకు తీసుకుపోతే, తండ్రికి చేసిందే బిడ్డకూ చేసి పంపితే? జంపక్కకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. మగవాళ్ళ వెనకనుంచి లేచి నిలబడింది.

“సారూ, ఏదడిగినా చేస్తవా?”

“చెప్పమ్మా. మంచం కావాలా, లైటు కావాలా?”

“తలుపుకు బయట గొళ్ళెం ఉండొద్దు. లోపల్నే ఉండాలె. లోపల మా ఆడది ఒకతి కూసుంటది. తీసుడైనా పెట్టుడైనా ఆమె చేతులనే ఉండాలె.”

మగవాళ్ళు నవ్వారు. “మంచం అడగక గొళ్ళెం అడుగుతదేంది?” అని గూడెం పెద్ద గోపాలు వెక్కిరించాడు. భీమయ్య ఒక్కడే నవ్వలేదు. తల వంచుకుని పుల్లతో నేల గీస్తూ కూర్చున్నాడు.

“బయట తాళం లేకపోతే సామాన్లు పోతాయమ్మా” అన్నాడు డాక్టరు.

“సామాను ఇంకో గదిల పెట్టుకో.”

డాక్టరు సరేనన్నాడు. అంత సులువుగా ఒప్పుకోవడంతో ఆమె అనుమానం రెట్టింపైంది. గది పూర్తయ్యాక వెళ్ళి చూసింది. బయటి గొళ్ళెం తీసేశారు గానీ బెజ్జాలు అలాగే ఉన్నాయి. “నేను పోంగనే మళ్ల బిగిస్తరు” అంటూ లక్క తెచ్చి కరగబెట్టి తనే వాటిని పూడ్చింది. పక్కనే నిలబడ్డ డాక్టరుకు కోపం రాలేదు. అదీ అనుమానమే ఆమెకు.

నొప్పులు మొదలవగానే ముత్తక్కను ఎడ్లబండిలో తెచ్చారు. లోపల నర్సు. తలుపుకు వీపు ఆనించి, గొళ్ళెం మీద చెయ్యి వేసి జంపక్క. నర్సు చెయ్యి ఎటు కదిలితే ఈమె కన్ను అటు కదిలేది. బిడ్డ మళ్ళీ అడ్డం పడిందని తెలిసి నర్సు కిటికీలోంచి డాక్టరును కేకేసింది. అతను పరుగున వచ్చి, తన దవాఖానాలో తనే తలుపు తట్టి నిలబడ్డాడు.

“ఎందుకొచ్చినవ్?” అంది జంపక్క లోపలినుంచి.

“కడుపు మీద చేతులు పెట్టి బిడ్డను తిప్పాలమ్మా. తిరక్కపోతే భద్రాచలం పంపిస్తాను. ఇక్కడ కత్తి పెట్టను.”

“మళ్ల పిల్లలు పుట్టకుండ ఏమన్న చేస్తవా?”

“ముత్తక్క అడిగితే తప్ప చెయ్యను.”

జంపక్క నమ్మలేదు. గొళ్ళేన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

“తియ్యే అమ్మా” అంది ముత్తక్క పళ్ళ బిగువున. “కనేది నేను. తియ్యి.”

తీసింది. తీసినా అతని చేతుల మీదినుంచి చూపు తిప్పలేదు.

పొద్దు వాలేలోపు బిడ్డ కేరుమంది. ఆడపిల్ల. ఇన్నేళ్ళ భయమంతా ఒక్కసారి పొంగి జంపక్క బావురుమంది. డాక్టరు, నర్సు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాక, బాటకు ఆవల బండి చాటున నిలబడ్డ భీమయ్యను పిలిచింది. అతను గడప దాకా వచ్చి ఆగిపోయాడు. తలుపు బయటివైపు అరచేత్తో మెల్లగా తడిమాడు. లక్క పూడ్చిన చోట్లు వేళ్ళకు తగిలాయి. గోటితో గీకి చూశాడు. ఊడలేదు.

లోపలికి వచ్చి, గొళ్ళెం తనే పెట్టుకుని, మనవరాలి కోసం చేతులు చాచాడు.